రోమకుల రజతపాత్రలు: ద్రవ్యమును ఆకృతియును

వేసూవియసు పర్వతము క్రీ. శ. 79వ సంవత్సరమున నగ్నివర్షము గురిసి పాంపేయీ నగరమును బూడిదక్రింద గప్పివేసిన వృత్తాంతము విద్వల్లోకమునకు దెలిసినదే. ఆ నగరమందు మెనాండరు గృహ మని నేడు వ్యవహరింపబడుచున్న యొక సంపన్నుని యింట, స్నానశాలక్రింది నేలమాళిగలో, నొక కొయ్యపెట్టె 1930వ సంవత్సరమున బయల్పడెను. త్రవ్వకములను నడపినవాడు అమెదేయో మైయూరి యను నిటలీదేశపు పురాతత్త్వవేత్త. పెట్టెలోని వెండివస్తువులు 118. వానిని గుడ్డలలో జుట్టి, మరల విందు జరిగినప్పుడు దీసికొనుటకు వీలుగ గృహస్థుడు భద్రపఱచియుండెను. ఆ యింటికి మరమ్మతు జరుగుచుండిన దినము లవి. విందు మరల జరుగలేదు.

ఆ పాత్రలలో గొన్నింటిపై హెర్క్యులీసు సాహసములు, మఱికొన్నింటిపై మార్సు వీనసుల ప్రణయగాథ ఉబ్బెత్తుగ జెక్కబడియున్నవి. నగిషీ లేని నున్నని గిన్నెలును బెక్కు గలవు. అంతకు బూర్వము 1895లో నా ప్రాంతమందే బోస్కోరియాలే గ్రామముచెంత నొక పల్లెటింటి ద్రాక్షగానుగ గదిలోని తొట్టియందు దొరకిన వెండివస్తువులలో 109 పారిసునగరమందలి లూవ్రు ప్రదర్శనశాలను జేరినవి. ఇట్టి రోమకపాత్రలను జేతబట్టి చూచువాని కొక విశేషము గోచరించును. మీదివైపున దేవతలు, వీరులు, లతలు, మృగములు శిల్పి చేతిపనిని జాటుచుండును. పాత్రను బోర్లించినచో నడుగున బలుమాఱు యజమానుని పేరును, సన్నని గీతలతోనో చుక్కలతోనో వ్రాసిన తూనికయు గానవచ్చును. పైభాగ మతిథులకొఱకు, అడుగుభాగము గృహస్థునికొఱకును, వాని వారసులకొఱకును, అవసరమైనచో వాని ఋణదాతలకొఱకును. పాత్రయొక్క విలువ పైన నున్నదా, అడుగున నున్నదా యను ప్రశ్న రోమకులను జాలకాలము వేధించినది. వారి విలాసచరిత్రయు, ధర్మశాస్త్రచర్చయు, ఒక ప్రసిద్ధమగు నేరవిచారణయు నీ ప్రశ్నచుట్టును దిరుగుచున్నవి.

మొదట శబ్దవిచారము. లాటినుభాషలో వెండికి అర్గెంటు మని పేరు, గ్రీకున అర్గురోసు. ఇవి సంస్కృతమందలి రజతశబ్దముతోడను, తెల్లని దను నర్థముగల అర్జునశబ్దముతోడను నేకమూలము గలవి. తెనుగున వెండియు దెలుపు నర్థముగల వెలి యను మూలమునకు జెందినదే. భాషాకుటుంబములు వేఱైనను లోహమునందు మొదట జూచిన గుణ మొక్కటియే. రోమకులు భోజనశాలలోని వెండిని రెండు తెగలుగ విభజించిరి: పానమునకు వినియోగించునది పోతోరియము, భోజనమునకు వినియోగించునది ఎస్కారియము. మొదటి పదమున సంస్కృతపు పాధాతువునకును, రెండవదాన అద్ధాతువునకును జ్ఞాతులైన మూలము లున్నవి. పానపాత్రకు లాటినున పోకులు మని పేరు; ఇది ధాతువునందును బ్రత్యయమునందును గూడ సంస్కృతపు పాత్రశబ్దమునకు సరిపోవుచున్నది. కాని వెడల్పైన తర్పణపాత్రకు గల పతేరా యను పేరును వినికిడినిబట్టి పాత్రశబ్దముతో ముడివేయుట పొరపాటు. అది విప్పారియుండుట యను నర్థముగల వేఱొక ధాతువునుండి పుట్టినది. ఇట్టి వినికిడిపోలికలు శబ్దవిచారమున బెక్కండ్రను ద్రోవ తప్పించినవి.

తొలికాలపు రోమకుల యింట నీ రెండు తెగలకును బెద్దగ బనియుండలేదు. క్రీ. పూ. 275లో ఫాబ్రీకియసు లుస్కీనసు జనగణనాధికారియై యుండగా, రెండుమాఱులు కాన్సలు పదవి నలంకరించిన కొర్నేలియసు రుఫీనసును బెద్దలసభనుండి తొలగించెను. పది లీబ్రాల వెండిపాత్రలను గలిగియుండుటయే యాతని దోషము. లీబ్రా యనగా 12 ఉంకియాల రోమకమానము. నేటి లెక్కకు సుమారు 327 గ్రాములు. అనగా నీ మహాపరాధమంతయు మూడుంబాతిక కిలోగ్రాముల వెండి. సేనానుల కా ఫాబ్రీకియసు అనుమతించిన వెండి యొక చిన్న పళ్ళెరమును, ఒక యుప్పుగిన్నెయు మాత్రమే యని ప్లినీ వ్రాసియున్నాడు. ఉప్పుగిన్నెకు సామాన్యగృహములందును గౌరవ ముండెను. తండ్రినాటి యుప్పుగిన్నె బల్లపై మెఱయుట నిరాడంబరజీవనమునకు గుఱుతుగ హొరేసు తన గీతమందు బేర్కొనెను. ప్లినీయే చెప్పిన మఱొక కథ వినోదకరము. కార్తేజినగరమునుండి వచ్చిన రాయబారులు రోమకులంతటి స్నేహపరులు మఱెచ్చటను లేరని చెప్పుకొనిరట. ఏలయన విందునకు బిలిచిన ప్రతియింటను వారి కొకే వెండిపాత్రలు గానవచ్చినవి. నగరమున కంతకు నొక్కటియే పాత్రల జత యుండి యింటినుండి యింటికి దిరుగుచుండెనని తాత్పర్యము.

ఈ స్థితి దండయాత్రలతో మాఱిపోయెను. క్రీ. పూ. 189లో లూకియసు స్కిపియో ఆసియాదేశమును గెలిచి వచ్చి విజయోత్సవము జరిపినప్పుడు నగిషీచేసిన వెండిపాత్రలే 1,400 లీబ్రాలు, బంగారుపాత్రలు 1,500 లీబ్రాలు ఊరేగింపున వచ్చినవని ప్లినీ లెక్క. స్పెయినుదేశమందలి నవకార్తేజిచెంతనున్న వెండిగనులలో 40,000 మంది పనిచేయుచుండిరనియు, రోమకప్రజాప్రభుత్వమునకు దినమునకు 25,000 ద్రాక్మాల యాదాయము వచ్చుచుండెననియు బొలీబియసు చెప్పినట్లు స్ట్రాబో యుదాహరించెను. కార్తేజిని నిర్మూలించిన స్కిపియో ఎమీలియానసు తన వారసునికి విడిచిపోయిన వెండి 32 లీబ్రాలే. తరువాతి శతాబ్దములలో పాంపేయసు పౌలీనసు అను సేనాని జర్మనుల సరిహద్దునం దున్న యుద్ధశిబిరమునకు 12,000 లీబ్రాల వెండిపాత్రలను దీసికొనిపోయెను. క్లౌడియసు చక్రవర్తి దాసుడును, స్పెయినున ధనాధికారియు నగు రొటుండసు అనువానికి 500 లీబ్రాల పళ్ళెర మొకటి యుండెను. దానిని జేయుటకై ప్రత్యేకముగ నొక కార్ఖానాను గట్టవలసివచ్చినది. దానికి దోడుగ 250 లీబ్రాల పళ్ళెరము లెనిమిది. వీనిని మోయువారెవరు, వీనిలో దినువారెవరని ప్లినీ యడిగిన ప్రశ్న నేటికిని బ్రత్యుత్తరము లేనిదే. ఫాబ్రీకియసు కాలమున రెండుమాఱులు కాన్సలైనవానికి బది లీబ్రాలు నేరము. క్లౌడియసు కాలమున దాసునికి 500 లీబ్రాల పళ్ళెర మొక వేడుక.

ఈ పాత్రలను జేయు విధానము తెలిసిననే గాని పై చెప్పిన ప్రశ్న స్పష్టము గాదు. వెండిని గరగించి బిళ్ళగ బోసి, సుత్తెతో సాగగొట్టి గిన్నె యాకారమునకు దెచ్చుదురు. ఉబ్బెత్తుబొమ్మలు గావలసినచో బలుచని ఱేకును లోపలివైపునుండి మొద్దుటులులతో నొత్తి పైకి దేలునట్లు చేయుదురు. పని జరుగునంతసేపు ఱేకు కదలకయు జీలకయు నుండుటకై మెత్తని కీలుపై నానించుదురు. మన కంసాలులు లక్కతో జేయుపని యిట్టిదే. పిమ్మట బైనుండి సన్నని యులులతో వెండ్రుకలు, వస్త్రపుముడుతలు, ఆకుల యీనెలు దీర్తురు. లోపలివైపున నీ గుంటలు కనబడియున్నచో పాత్రను గడుగుట కష్టము, త్రాగుటకు వికారము. కావున నున్నని వేఱొక వెండిగిన్నెను లోపల నమర్చుట వాడుకయయ్యెను. పిడులును బాదమును వేఱుగ బోసి టంకముతో నతుకుదురు. బంగారుచాయ గావలసినచోట పాదరసమున గలిపిన బంగారమును బూసి సెగ జూపినచో బాదరస మావిరియై పోయి బంగారము నిలుచును. వెండివీథిలో నొక్క చిన్నపాత్ర పూర్తియగుటకు బెక్కండ్ర పనివారి చేతులు మాఱునని అగస్టీను పండితుడు వ్రాసినది యథార్థము.

వీనియందు రెండు భాగములు ముఖ్యముగ గుర్తింపదగినవి. పళ్ళెరము నడుమ నమర్చు నుబ్బెత్తుబింబమును ఎంబ్లేమా యనిరి. లోపల నుంచబడిన దని యా గ్రీకుపదమున కర్థము. పాత్ర వెలుపల దొడుగు చిత్రపుఱేకును క్రుస్టా యనిరి. బోస్కోరియాలే పళ్ళెర మొకదాని నడుమ గజచర్మమును శిరస్త్రాణముగ ధరించిన స్త్రీముఖ మిట్టి బింబమే. ఈ బింబములను వేఱుగ జేసి యతుకుటచేత వానిని వేఱుగ నూడదీయుటయు సాధ్యమయ్యెను. శిల్పము ద్రవ్యమునుండి విడదీయదగినదైనది.

శిల్పమున కిచ్చిన వెల యెంతటిదో ప్లినీ సహజచరిత్ర 33వ భాగమున జూడవచ్చును. పితేయసు అను శిల్పి యొక పాత్రబింబమున, ఒడిస్సియసు డయోమెడీసులు పల్లాసుదేవి విగ్రహమును దొంగిలించుటను జెక్కెను. ఆ బింబమందలి వెండి రెండు ఉంకియాలు. అది యమ్ముడుపోయిన వెల 10,000 దీనారములు. ప్రజాప్రభుత్వకాలమున నొక లీబ్రావెండికి 84 దీనారములు ముద్రించుచుండిరి. అనగా ఉంకియాకు ఏడు. ఆ బింబమును గరగించి నాణెములు గొట్టినచో వచ్చునవి 14 దీనారములు. తక్కిన 9,986 దీనారములును శిల్పి హస్తమునకు జెల్లినవి. దీనారశబ్దము సంస్కృతమున బ్రవేశించినది యీ రోమకనాణెమునుండియే యగుటచే నీ లెక్క మనవారి చెవులకు గొంత పరిచితముగ నుండును. క్రీ. పూ. రెండవ శతాబ్దపు టుత్తరార్ధమున బుట్టిపెరిగిన వక్త లూకియసు క్రాసుసు, మెంటరు అను ప్రాచీనగ్రీకుశిల్పి చేసిన రెండు పానపాత్రలను 100,000 సెస్టెర్సులకు గొనెను. కాని సిగ్గుచే వానిని వాడుటకు దన కెన్నడును ధైర్యము రాలేదని యొప్పుకొనెను. దాహము దీర్చుకొనుటకు బుట్టిన పాత్రతో నీరైన ద్రాగలేని స్థితి యిది. ప్లినీ కాలమునకు నగిషీవిద్య క్షీణించి, ప్రాతపనికే గౌరవము మిగిలెను. బొమ్మలు గుర్తింపరానంతగ నఱిగిపోయిన పాత్రలనే జనము మెచ్చుకొనుచుండిరని యాతడు వాపోయెను.

ఆ మెప్పు చాలవఱకు బూటకమే. మార్షలు అను హాస్యకవి పద్యములలో నొక గృహస్థు తన పాత్రలలో నేది ట్రాయినగరపు రాజుల బల్లమీదినుండి వచ్చెనో వర్ణించి యతిథులను విసిగించును. ఆ పురాతనపాత్రలలో బోసెడు మద్యము మాత్రము మిగుల గ్రొత్తది. పెట్రోనియసు వ్రాసిన కథలో ట్రిమాల్కియో యను ధనికుడు, పూర్వము దాసుడు, విందు జేయును. వాని పళ్ళెరముల యంచులపై వాని పేరును వెండి తూనికయు జెక్కబడియుండును. ఇతరు లడుగున దాచుకొను లెక్క నాతడు పైకి దెచ్చె నన్నమాట. చిత్రముల నాతడు వ్యాఖ్యానించు తీరు పండితులకు నవ్వు దెప్పించును: కస్సాండ్ర తన బిడ్డలను జంపినదట, డెడాలసు నియోబీని ట్రాయిగుఱ్ఱములో బంధించెనట. మూడుకథల పాత్రలను గలిపి యొక్కకథగ జేసినాడు. ఒక వెండిపళ్ళెరము నేలబడగా దానిని బైకెత్తిన కుఱ్ఱవానిని జెంపదెబ్బలు గొట్టించి, పళ్ళెరమును మరల బాఱవేయించి, చెత్తతోగూడ నూడ్పించును. తూనికను బైకి జెక్కించినవాడే తూనికను లెక్కసేయనని చాటుకొనుటకు నింత తతంగము జేసెను.

ద్రవ్యమును శిల్పమును విడదీసినవాడు వెర్రెసు. ఈతడు క్రీ. పూ. 73 మొదలు 71 వఱకు సిసిలీద్వీపమునకు బాలకుడు. క్రీ. పూ. 70లో సిసెరో యాతనిపై నేరము మోపెను. తొలివిచారణలోనే యోటమి దప్పదని తెలిసికొని వెర్రెసు మస్సీలియానగరమునకు బోవుటచే, శిల్పచౌర్యమును గూర్చిన సిసెరో ప్రసంగము న్యాయస్థానమున వినబడక గ్రంథరూపముననే వెలువడెను. రోమకరజతపాత్రల చరిత్ర కంతకంటె విలువైన యాధారము లేదు.

వెర్రెసునకు గిబైరానగరమువా రిద్దఱు సోదరులు, ట్లెపోలెమసు, హియెరో యనువారు, తోడుండిరి. ఒకడు మైనపుబొమ్మలు చేయువాడు, ఒకడు చిత్రకారుడు. ఎవరియింట మంచి శిల్పమున్నదో వేటకుక్కలవలె వాసన పసిగట్టుట వారి యుద్యోగము. లిలిబెయముననున్న పాంఫిలసు అను గృహస్థునియొద్ద బోయేతసు శిల్పి చేసిన బరువైన వెండికలశ మొకటి తాతలనాటినుండి యుండెను. పండుగలకును నతిథులు వచ్చినప్పుడును దానిని వాడుచుండిరి. వెర్రెసు దానిని గైకొనెను. పాంఫిలసు దుఃఖించుచు నింట గూర్చుండియుండగా భటుడు వచ్చి, బొమ్మలుగల రెండు పానపాత్రలను గూడ దెమ్మనెను. పాంఫిలసు వానిని దీసికొనిపోగా బాలకుడు నిద్రించుచుండెను, కిబైరాసోదరు లెదురుపడిరి. వెయ్యి సెస్టెర్సు లిచ్చినచో దాము చూచుకొందుమనిరి. ఆతడు సరేయనెను. పాలకుడు లేచి పాత్రలను జూడగా సోదరులు, ఇవి విలువైనవని విన్నాము గాని మట్టిపనివంటివి, తమ సంగ్రహమున నుంచదగినవి కావని చెప్పిరి. ఆ యబద్ధమువలన పాత్రలు యజమానునికి మిగిలెను. తాతలసొత్తును గాపాడుకొనుటకు దానిని నీచమని దొంగచేత జెప్పించి, యందులకు లంచము గూడ నీయవలసివచ్చినవాని బాధను దెలిసికొనుటకు వ్యాఖ్యాన మనవసరము.

కలాక్తే నగరవాసి యూపోలెమసు మఱియు జాగ్రత్తపరుడు. పాలకుడు విందునకు వచ్చుచున్నాడని బల్లమీద చిత్రములు లేని వెండినే యుంచెను. రెండు చిన్న పానపాత్రలకు మాత్రము బింబములుండెను. వెర్రెసు విందు ముగియకుండగనే, అతిథు లందఱును జూచుచుండగనే, ఆ బింబములను బీకించి తనతో గొనిపోయెను. పాత్రలు యజమానునికే విడువబడెను. హలుంటియము కొండమీది యూరు. పాలకునికి గొండ యెక్క నోపిక లేదు. సముద్రతీరమున బల్లకిలో నుండి, ఆర్కగాథసు అను పెద్దమనిషిని బిలిచి యూరిలోని నగిషీవెండిని, కొరింతుపాత్రలను దెప్పింపుమనెను. జనులు తమతమ పాత్రలను మోసికొని క్రిందికి దిగిరి. కిబైరాసోదరులు మెచ్చినవాని బింబములను ఱేకులను నూడదీసిరి. హలుంటియమువారు బోసిపోయిన వెండిని గొని కొండ యెక్కిరి. ఇట్లు సేకరించిన బింబముల నాతడు సిరక్యూసునందలి రాజగృహమున నెనిమిదినెలలు కార్ఖానా నడపి, బంగారుపాత్రలపై నతికించెను. అవి వానికొఱకే పుట్టినవా యన్నట్లు కుదిరినవని సిసెరోయే చెప్పినాడు. దేశమును బాలింపవలసినవాడు మాసినరంగు చొక్కాతో బనివారినడుమ గూర్చుండుట యాతని కసహ్యమయ్యెను.

ఈ చౌర్యముయొక్క విచిత్ర మిది. కొండ యెక్కిపోయిన పాత్రలను ద్రాసున వేసినచో దగ్గినది స్వల్పము. పితేయసు బింబము తూనిక రెండు ఉంకియాలే గదా. వెండిని వెండిగనే లెక్కించువానికి యజమానుని సొత్తు చాలవఱకు దిరిగివచ్చినట్లే. పోయినది బొమ్మ మాత్రమే. ఆ బొమ్మకై యూరంతయు నేడ్చెను. సిసెరో వాదబలమంతయు నిచ్చట నున్నది: పోయినది లోహము గాదు, తండ్రులు వాడినది, పండుగలకు దీసినది, ఇంటి మర్యాదకు జిహ్నమైనది. ఇంత చెప్పిన సిసెరో తానొక చెక్కబల్లకు 500,000 సెస్టెర్సు లిచ్చెనని ప్లినీ వ్రాసినది గూడ మఱవరాదు. వెర్రెసు కడపట క్రీ. పూ. 43లో ఆంటొనీచే మరణశిక్ష కెక్కినవారి పట్టికలో జేరెను. తన కొరింతుపాత్రలను ఆంటొనీ కీయ నిరాకరించుటయే కారణమని ప్లినీ కథనము.

రోమకధర్మశాస్త్రజ్ఞు లీ ప్రశ్నను వేఱొకదారిని విచారించిరి. ఒకని వెండితో మఱొకడు పాత్ర చేసినచో నా పాత్ర యెవరిది? సబీనసు శిష్యులు వెండి యెవరిదో పాత్రయు వారిదే యనిరి; ప్రోకులసు శిష్యులు చేసినవానిదే యనిరి. క్రీ. శ. రెండవ శతాబ్దమున గాయసు తన పాఠ్యగ్రంథమున నీ రెండు మతములను జెప్పి, ద్రాక్షలనుండి మద్యమును, వెండినుండి పాత్రయు నుదాహరణములుగ నిచ్చెను. ఈ తావున వ్యాకరణపండితులకు మహాభాష్యము తప్పక స్ఫురించును. పస్పశాహ్నికమున బతంజలి, బంగారుముద్ద యాకారమును జెఱచి యాభరణములను, వానిని జెఱచి కడియములను జేయుదురు. ఆకృతి మాఱుచుండును, ద్రవ్యము మాత్ర మదియే యని నిరూపించెను. సబీనసుమతమువారి యాశయ మిదియే. కాని పతంజలికి గావలసినది శబ్దార్థనిత్యత్వము. రోమకులకు గావలసినది యింటికి బాత్ర నెవరు దీసికొనిపోవలయునను నిర్ణయము. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన గ్రంథము మధ్యేమార్గమును దొక్కినది: మరల మొదటిద్రవ్యముగ మార్పదగినదైనచో ద్రవ్యస్వామిది; కానిచో గర్తది. మద్యము మరల ద్రాక్షపండు కాజాలదు గావున జేసినవానిది. పాత్ర మరల వెండిముద్ద కాగలదు గావున వెండి యజమానునిది. ఈ తీర్పు వ్యవహారమునకు సులభమే. కాని కరగించిన పిమ్మట మిగులునదే వస్తువని యొప్పుకొన్నచో మెంటరుపాత్రకును ఉప్పుగిన్నెకును భేద మేమి? నిర్ణయము త్రాసును దృప్తిపఱచినదేగాని ప్రశ్నను దీర్పలేదు.

వీలునామాలలోను నిదే చిక్కు. ఒకడు తన వెండిని మిత్రునికి వ్రాసియిచ్చినచో దానిలో బొదిగిన రత్నములును బింబములును నెవరికి జెందును? ఉల్పియను చెప్పిన సమాధానము మిక్కిలి నిపుణమైనది. దేనిని నలంకరించుటకు దేనిని జేర్చిరో చూడవలయును. చేర్చబడినది ప్రధానమును ననుసరించును. కావున బళ్ళెరమందు బొదిగిన రత్నము పళ్ళెరపు వెండినే యనుసరించి పోవును. రాజపురుషు డను సమాసమున బురుషుడు ప్రధానము, రాజు ఉపసర్జనము. లోకమున రాజే గొప్పవాడైనను సమాసమున రాజశబ్దము పురుషశబ్దమునకు లోబడవలసినదే. రత్నము వెండికంటె నెన్నిరెట్లు వెలగలదైనను నీ న్యాయమున నుపసర్జనమే. విలువ వేఱు, ప్రాధాన్యము వేఱను సూక్ష్మము నుల్పియను గ్రహించెను.

విందులలో నీ పాత్రల వినియోగమును గూర్చి కొంత. అతిథులు బల్లచుట్టును మూడుప్రక్కల బఱుపులపై నొఱగి భుజించుచుండిరి. పానపాత్రలు సాధారణముగ జతలుగ నుండెడివి. ఒకదానిపై గథలో గొంతభాగము, రెండవదానిపై దక్కినభాగము. డెన్మార్కుదేశమున హోబీయను తావున 1920లో నొక నాయకుని సమాధియందు దొరకిన జతలో నొకపాత్రపై బ్రయాము వృద్ధరాజు తన కుమారుని చంపిన అకిలీసు చేతిని ముద్దిడుకొనుచుండెను. చేసిన శిల్పి కైరిసోఫసు. విందున నట్టి చిత్రము చేతికి వచ్చినప్పుడు చదువుకొన్న యతిథికి మాటలు దొరకును. బోస్కోరియాలే పానపాత్రలలో నొకజతపై గవులును వేదాంతులును నస్థిపంజరములై కనబడుదురు. పేళ్ళు గ్రీకులిపిలో జెక్కబడినవి. సుఖమే పరమార్థమని బోధించిన ఎపిక్యూరసు పంజరము భక్ష్యమునకు జేయి చాచగా దాపున నొక పందిపిల్ల నిలుచును. వైరాగ్యబోధకుడైన జీనో పంజరము వానిని వ్రేలెత్తి చూపుచుండును. బ్రతికియున్నంతసేపే త్రాగుమని యా చిత్రములు త్రాగువానికి జెప్పుచున్నవి.

ద్రాక్షమద్యమున నీరు గలుపు గిన్నె, ముంచు గరిటె, వడపోయు జల్లిగిన్నె, సంబారపుగిన్నెలు మున్నగునవి యీ సామగ్రిలోనివి. వీనిలో మిరియపుగిన్నె భారతీయుల కాదరణీయము. నల్లమిరియము లీబ్రా నాలుగు దీనారముల వెలగలదని ప్లినీ వ్రాసి, కారముతప్ప నే గుణమును లేని దీనికై యిండియాకు బోవుదురే యని యాశ్చర్యపడెను. ఇంగ్లండులో హోక్సను అనుచోట 1992లో దొరకిన నిధిలో వెండిమిరియపుగిన్నెలు నాలుగు గలవు. ఒకటి రాణివంటి స్త్రీరూపము. అడుగుననున్న బిళ్ళను ద్రిప్పినచో నొకనెలవున గిన్నె మూయబడును, ఒకనెలవున మిరియపుబొడి రాలును. మనదేశమునుండి మిరియ మట్లు పోగా, వెండిపాత్రలు మనదేశమునకు వచ్చుచుండినవి. మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన ఎరిత్రసముద్రయాత్రావర్ణనము, భరుకచ్ఛపు రేవున రాజుకొఱకు దిగుమతియగు వస్తువులలో వెలగల వెండిపాత్రలను మొదట బేర్కొన్నది. ఆ రాజు మంబనుసు. క్షహరాతవంశీయుడైన నహపానుడే యని చరిత్రకారులు నిర్ణయించిరి. ఆంధ్రులని పురాణములు కీర్తించిన శాతవాహనులలో గౌతమీపుత్ర శాతకర్ణి యీ నహపానుని జయించెను. 1906లో నాసికమునకు జేరువ జోగల్తెంబి గ్రామమున దొరకిన పదమూడువేలకు మించిన నహపానుని వెండినాణెములలో ననేకముపై శాతకర్ణి తన చిహ్నములను మరల ముద్రింపించెను. ద్రవ్య మదియే, ఆకృతి వేఱు. కొన్నింటిపై నహపానుని ముఖము క్రొత్తముద్ర క్రింద నింకను జాడగ గనబడుచున్నది.

నాలుగవ శతాబ్దమునకు రోమకుల వెండి మరల బరువెక్కెను. బింబములను నతుకు నలవాటు తగ్గి, పళ్ళెరముమీదనే చెక్కు పని ప్రబలెను. ఇంగ్లండున మిల్డెన్‌హాలు వద్ద 1940 తరువాతి తొలియేండ్లలో దున్నుచుండగా దొరకిన మహాపళ్ళెరము వ్యాసము 60 సెంటీమీటర్లకు మించును; తూనిక ఎనిమిది కిలోగ్రాములకు బైన. నడుమ సముద్రదేవుని ముఖము, చుట్టును జలదేవతలు, బాకసు పరివారము. క్రీ. శ. 388లో థియోడోసియసు చక్రవర్తి పదియేండ్ల పాలనోత్సవమునకు జేయబడి, 1847లో స్పెయినున దొరకిన పళ్ళెరము వ్యాసము 74 సెంటీమీటర్లు. దానిపై చక్రవర్తి యొక యధికారికి నియామకపత్రము నిచ్చుచున్నాడు. బోర్లించినచో నడుగున గ్రీకులో తూనిక: 50 లీబ్రాలు. పై చిత్రము బహుమతి నందినవాని గౌరవమును, అడుగులెక్క దాని వెలను జెప్పును. ఆ పళ్ళెరము దొరకునప్పటికి రెండుగ మడువబడియుండెను.

స్కాట్లండున ట్రాప్రెయిన్ లా యను కొండమీద 1919లో త్రవ్వినప్పుడు బయల్పడిన వెండి యింకను దూరము పోయినది. అది రోమకసామ్రాజ్యపు సరిహద్దున కావలిప్రదేశము. కాలము అయిదవ శతాబ్దము. ఇరువది కిలోగ్రాములకు మించిన యా వెండిలో జాలవఱకు బళ్ళెరములు, గిన్నెలు, కూజాలే. వానిని గత్తిరించి, నఱికి, మడిచి, చదునుగ గొట్టి పొట్లములవలె జేసియుండిరి. ఆదాము హవ్వల కథను జెక్కిన కూజా యొకటి యా కుప్పలో నలిగియుండెను. ఎవరో సగముగ గోసిన పళ్ళెరమున బొమ్మ నడుమునుండి గొడ్డలి పోయినది. సైనికులకు జీతముగనో, సరిహద్దు నాయకులకు సంధిధనముగనో యా తునకలు తూచి యీయబడినవని పండితు లభిప్రాయపడుచున్నారు. దొరకిన పిమ్మట ఎడింబరోనగరపు వెండిపనివారు మడతలను విప్పి, ముక్కలను జేర్చి, పాత్రలను సాధ్యమైనంతవఱకు మరల నిలిపిరి. అవి యిప్పు డా నగరమందలి జాతీయప్రదర్శనశాలలో నున్నవి.